రొయ్యల బోటు కొని, ఆ రొయ్యను హైదరాబాద్‌లో అమ్మాలంటే ఏయే లైసెన్సులు కావాలి?

బాబూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ మేనమామ గారు ఉప్పాడలో ఫైబర్ బోటు మీద వేట చేస్తారు. మీరిద్దరూ కలిసి కాకినాడలో ఒక పాత మరబోటు కొని రొయ్యల వేటకు పంపాలనుకుంటున్నారు. వచ్చిన సరుకును హైదరాబాద్‌లో మీరే నేరుగా ఇళ్లకు అమ్మాలని, బాగుంటే ముందుముందు అమెరికాకు పంపాలని ఆలోచన. "వీటన్నిటికీ కలిపి ఒక లైసెన్స్ ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

నేను విశాఖ హార్బర్‌లో పదేళ్లకు పైగా బోటు నడిపించాను. ఇప్పుడు సముద్రపు సరుకు దుకాణం నడుపుతున్నాను, హైదరాబాద్‌కు పెట్టెలు పంపుతాను. కాబట్టి రెండు వైపులా దెబ్బలు తిన్నవాడిగా చెబుతున్నాను. ఒకే లైసెన్స్ అనేది లేదు. సముద్రంలో ఉన్నంతసేపూ రొయ్య మత్స్యశాఖ చేతిలో ఉంటుంది. దుకాణంలోకి రాగానే ఆహార భద్రత శాఖ చేతిలోకి వెళ్తుంది. దేశం దాటాలంటే మళ్లీ వేరే సంస్థలు. అందుకే నా మొదటి సలహా కాస్త తిరగేసినట్టు ఉంటుంది: బోటు బేరం పక్కన పెట్టి, ముందు ఎవరికి అమ్ముతారో తేల్చుకోండి. హార్బర్‌లో వేలానికి పెట్టేవాడికి, హైదరాబాద్‌లో ఇంటింటికీ ఇచ్చేవాడికి, ఎగుమతి చేసేవాడికి కావలసిన కాగితాలు వేరు. కాగితాలే కాదు, బోటులో ఐస్ పెట్టడం దగ్గర్నుంచి పని కూడా వేరుగా ఉంటుంది.

అయినా మీ మనసు బోటు మీదే ఉందని తెలుసు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బోటుకు రెండు కాగితాలు ఉంటాయి. చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు. ఒకటి రిజిస్ట్రేషన్, లారీకి ఆర్సీ లాంటిది. రెండోది వేట లైసెన్స్, లారీకి పర్మిట్ లాంటిది. ఆర్సీ బోటు ఎవరిదో చెబుతుంది. లైసెన్స్ ఆ బోటు ఏ వలతో, ఏ రేవు నుంచి వేటకు వెళ్లవచ్చో చెబుతుంది. దానికి గడువు ఉంటుంది, రెన్యువల్ చేయించుకోవాలి. రెండిటికీ దరఖాస్తు ఇప్పుడు కేంద్రం పెట్టిన రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే. మీకు కంప్యూటర్ పని కొత్త కాదు కాబట్టి అది ఇబ్బంది కాదు. కానీ బోటును చూసి కొలతలు సరిపోల్చేది మత్స్యశాఖ వాళ్లే. మీ ఊరి సచివాలయంలో గ్రామ మత్స్య సహాయకులు ఉంటారు, ముందు వారిని కలవండి. రిజిస్టర్ అయిన బోటు మీద ఐఎన్‌డీ, ఏపీ అనే అక్షరాలతో మొదలయ్యే నంబర్ పెయింట్ చేసి ఉంటుంది. ఆ నంబర్, ఆర్సీలోని నంబర్, ఇంజన్ మీద చెక్కిన నంబర్ మూడూ మీ కళ్లతో చూసుకోండి.

పాత బోటు కొంటున్నారు కాబట్టి ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నా మొదటి బోటు నేను 2011లో కొన్నాను. అమ్మినాయన మా వాళ్లకు తెలిసిన మనిషే. స్టాంపు కాగితం మీద రాసుకున్నాం, సాక్షుల సంతకాలు పెట్టించాం, డబ్బు ఇచ్చేశాను. ఆర్సీ పేరు మార్పించడం మాత్రం "చూద్దాంలే" అని వదిలేశాను. బోటు నా చేతిలో ఉంది, వేట సాగుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. డీజిల్ రాయితీ ఆయన పేరుతోనే వచ్చేది, నెలనెలా అడిగి తెచ్చుకునేవాణ్ణి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. హార్బర్‌లో బోట్లు ఒకదాని మీద ఒకటి పడి నుజ్జయ్యాయి. నాది వెనక భాగం విరిగి నీళ్లలో కూర్చుంది. నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారులు ఆర్సీలో ఉన్న పేరే రాసుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల ముందున్న కాగితం అదే. పరిహారం పాత యజమాని ఖాతాలో పడింది. అందులో నాకు వచ్చింది సగం కంటే తక్కువ, అదీ పెద్దమనుషుల్లో పెట్టి ఎనిమిది నెలలు తిరిగితే. ఆ ఎనిమిది నెలలూ మా ఇంట్లో పడిన టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను.

కాబట్టి ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆర్సీ ఎవరి పేరున ఉందో చూడండి. ఆ బోటు మీద బ్యాంకు అప్పు గానీ, సొసైటీ అప్పు గానీ ఉందేమో అడగండి. అప్పు ఉంటే ఆ బ్యాంకు నుంచి 'బాకీ లేదు' అని కాగితం వచ్చేదాకా పేరు మారదు. ఇంకొకటి, మన హార్బర్లలో కమీషన్ వ్యాపారుల దగ్గర అడ్వాన్స్ తీసుకుని, "సరుకంతా మీకే వేస్తాను" అని ఒప్పుకునే అలవాటు ఉంది. అది ఏ కాగితంలోనూ కనపడదు. బోటు కొన్నాక ఆ వ్యాపారి వచ్చి "ఈ బోటు సరుకు నాది" అని నిలబడతాడు. హార్బర్‌లో నలుగురు కలాసీలను, అంటే బోటు మీద పనిచేసేవాళ్లను, అడిగితే నిజం తెలుస్తుంది. మీ మామయ్య గారికి ఆ నలుగురూ తెలిసే ఉంటారు, ఆ పని ఆయనకు అప్పజెప్పండి.

ఇన్సూరెన్స్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. తెల్లారి అక్కడికి వెళ్లాను. బూడిద ముందు కూర్చున్న యజమానుల్లో ఇన్సూరెన్స్ లేనివాళ్లే ఎక్కువ కనిపించారు. ప్రభుత్వం ముందుకొచ్చి బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రకటించింది. ప్రతిసారీ అలా జరుగుతుందని నమ్మి ఉండకూడదు. బోటుకు బీమా చేయించండి. కలాసీలకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమా ఉంది, వేటలో ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. మీ బోటు ఎక్కే ప్రతి మనిషి పేరూ అందులో ఉందో లేదో చూడటం యజమానిగా మీ బాధ్యత. ఇది చట్టం అడిగినా అడగకపోయినా చేయాల్సిన పని.

కలాసీల గుర్తింపు కార్డులూ అంతే ముఖ్యం. 2008 నవంబర్ 26న ముంబైలో దాడి చేసినవాళ్లు ఒక చేపల బోటును హైజాక్ చేసి దాని మీదే వచ్చారు. ఆ తర్వాత నుంచి సముద్రంలో తనిఖీ బాగా పెరిగింది. కోస్ట్‌గార్డ్ ఆపితే బోటు కాగితాలు, ప్రతి మనిషి ఆధార్ లేదా మత్స్యకార బయోమెట్రిక్ కార్డు చూపించాలి. మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు గుజరాత్ బోట్లెక్కి పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో ఇంటికి రావడం మీకు గుర్తుండే ఉంటుంది. పొరపాటున గీత దాటినప్పుడు ఆ మనిషి ఎవరో, ఏ ఊరో నిరూపించేది ఆ కార్డే. బోటు ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌పాండర్, మాట్లాడుకోవడానికి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్, లైఫ్ జాకెట్లు బోటులో ఉండాలి. ఉండటమే కాదు, పనిచేస్తూ ఉండాలి.

ఇక ఎక్కడ వేటాడవచ్చు అనేది. మన రాష్ట్రంలో దీనికి 1994లో వచ్చిన సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఆధారం. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు తెప్పలకు, నాటు పడవలకు వదిలిపెట్టాలి. మరబోటు అక్కడ ట్రాల్ వల, అంటే బోటు వెనక నీళ్లలో ఈడ్చే సంచి వల, లాగకూడదు. రొయ్య మాత్రం ఒండ్రు ఉన్న లోతు తక్కువ నీళ్లలోనే ఎక్కువ దొరుకుతుంది. అందుకే డ్రైవర్‌కు ఎప్పుడూ ఒడ్డు వైపు మనసు లాగుతుంది. గొడవలన్నీ అక్కడే వస్తాయి. మీ మామయ్య గారు ఇన్నాళ్లూ చిన్న బోటు మీద ఉన్నారు కాబట్టి, మరబోటు వచ్చి వల తెంపుకుపోతే ఎంత నష్టమో ఆయన్ని అడిగితే మీకు చెబుతారు. రేపు మరబోటు మీదైనప్పుడు అది గుర్తుంచుకోండి.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు రాష్ట్రం పరిధి. అది దాటితే 200 నాటికల్ మైళ్ల దాకా కేంద్రం పరిధి. ఆ నీళ్లలో వేటకు కేంద్రం 2025 నవంబర్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. మరబోట్లు అక్కడికి వెళ్లాలంటే యాక్సెస్ పాస్ తీసుకోవాలి. దానికి రుసుము లేదు, అదే రియల్‌క్రాఫ్ట్‌లో దరఖాస్తు. చిన్న సంప్రదాయ బోట్లకు ఆ బాధ లేదు. మీరు కొనబోయేది మరబోటు కాబట్టి ఆర్సీ పేరు మార్చుకునేటప్పుడే దీనికీ పెట్టేయండి. లైట్లు వేసి చేపను రప్పించే ఎల్ఈడీ వేట, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగే జంట ట్రాలింగ్ ఆ నిబంధనల్లో నిషేధం.

పొరుగు రాష్ట్రం నీళ్లలోకి వెళ్తే అక్కడి చట్టమే మీకు వర్తిస్తుంది. మన సోనా రకం మరబోట్లు ఒడిశా దాటి పైకి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధామ్రా నదుల మొగల దగ్గర 20 కిలోమీటర్ల మేర నవంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాలింగ్ పనికిరాదు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. మా బావ బోటు ఒకసారి అక్కడ పట్టుబడింది. జరిమానా ఒక ఎత్తు, బోటు విడిపించుకోవడానికి పట్టిన కాలం ఒక ఎత్తు. ఆ కాలమంతా కలాసీల ఇళ్లల్లో పొయ్యి వెలగాలి కదా, అది కూడా యజమాని నెత్తి మీదే పడుతుంది.

తాబేళ్ల మాట వచ్చింది కాబట్టి మీ అమెరికా కల గురించి ఇక్కడే చెప్పాలి. అమెరికాలో 1989లో ఒక చట్టం వచ్చింది. సముద్రపు తాబేళ్లను కాపాడే ఏర్పాటు లేని వలలతో పట్టిన రొయ్యను వాళ్లు దిగుమతి చేసుకోరు. మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో దాని మీద కేసు కూడా వేసింది. ఆ చట్టాన్ని అమలు చేసిన తీరు తప్పు అని 1998లో తీర్పు వచ్చింది గానీ, చట్టం మాత్రం పోలేదు. మన ట్రాల్ బోట్లలో తాబేలు తప్పించుకునే పరికరం, టెడ్ అంటారు, సరిగ్గా వాడటం లేదని కొన్నేళ్ల కిందట వాళ్లు మన సముద్రపు రొయ్యను తీసుకోవడం ఆపేశారు. మీరు అమెరికాకు వెళ్తోందని వింటున్న రొయ్య దాదాపు అంతా చెరువుల్లో పెంచిన వనామీ. దానికి ఈ తాబేళ్ల నిషేధం తగలదు. అందుకని 'బోటు కొని అమెరికాకు ఎగుమతి' అనే లెక్క మీద పెట్టుబడి పెట్టకండి.

టెడ్ అంటే వల మెడ దగ్గర బిగించే ఇనుప చట్రం. కమ్మీల మధ్య నుంచి రొయ్య సంచిలోకి వెళ్లిపోతుంది, తాబేలు కమ్మీలకు తగిలి పైనున్న తలుపు లాంటి సందులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని తయారు చేసింది. "దీంతో రొయ్య కూడా పోతుంది" అని మా డ్రైవర్లు ఊరికే అనలేదు, కొంత పోతుంది. నేను రెండు సీజన్లు వాడాను. పెద్ద చేపలు కొన్ని పోయాయి, రొయ్యలో తేడా మేం భయపడినంత లేదు. పైగా చెత్త, బండరాళ్లు సంచిలోకి రాకపోవడంతో రొయ్య నలగకుండా వచ్చింది. ఆలివ్ రిడ్లీ తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులితో సమానం. దాన్ని చంపిన కేసులో 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష ఉంటుంది. చట్టం అలా ఉంచండి. శీతాకాలం వెళ్తుండగా మన తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లను చూసినవాళ్లు ఎవరైనా ఈ చట్రం బిగించడానికి వెనుకాడరు. ఊపిరి తీసుకోవడానికి అది పైకి రావాలి. మన వలలో చిక్కి గంటల తరబడి లోపలే ఉండిపోతే చచ్చిపోతుంది, అంతే.

వేట నిషేధం సంగతి మీ మామయ్య గారికి తెలిసిందే గానీ, మీ వ్యాపారం లెక్కలో అది కనిపించలేదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, ఇంజన్ బిగించిన చిన్న పడవలు కదలకూడదు. కదిలితే బోటు, సరుకు పట్టుకుంటారు, డీజిల్ రాయితీ కూడా పోతుంది. లీటరుకు 9 రూపాయల చొప్పున వచ్చే ఆ రాయితీ మరబోటుకు చిన్న మొత్తం కాదు. నిషేధం రోజుల్లో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో 20 వేలకు పెంచారు. అది రావాలంటే బోటు రిజిస్టర్ అయి ఉండాలి, కలాసీ పేరు ఆ బోటు మీద నమోదై ఉండాలి. యజమాని బద్ధకిస్తే నష్టపోయేది కలాసీలు.

మరి ఆ 61 రోజులు మీ హైదరాబాద్ కస్టమర్‌కు ఏమిస్తారు? పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. కాబట్టి మే నెలాఖరు దాకా అటు నుంచి సరుకు తెప్పించవచ్చు. ఇంజన్ లేని పడవలకు నిషేధం లేదు, వాళ్లు తెచ్చే కొద్దిపాటి సరుకు ఉంటుంది. మిగిలింది చెరువు వనామీ. వనామీ అమ్మడం తప్పేమీ కాదు, మంచి సరుకే. కానీ దాన్ని 'సముద్రపు రొయ్య' అని రాసి అమ్మితే ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుడు లేబుల్ కిందకు వస్తుంది, 3 లక్షల వరకు జరిమానా పడవచ్చు. చెరువు సరుకు కొనేటప్పుడు రైతు దగ్గర కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ గానీ, రాష్ట్ర ఆక్వా సంస్థ లైసెన్స్ గానీ ఉందో చూడండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడలేదని రాయించుకోండి.

ఇప్పుడు అమ్మకం వైపు. ఆహార భద్రత చట్టం 2006లోని 18వ సెక్షన్ ఒక మంచి మాట చెబుతుంది: రైతుకు, తన వేట పనిలో ఉన్న మత్స్యకారుడికి ఈ చట్టం వర్తించదు. అంటే మీ మామయ్య గారు వేటాడి తెచ్చి రేవులో వేలానికి పెడితే ఆయనకు ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ, కాగితం అక్కర్లేదు. అదే రొయ్యను మీరు కొని, ఒలిచి, పెట్టెల్లో పెట్టి హైదరాబాద్‌లో అమ్మగానే మీరు ఆహార వ్యాపారి. "మా మామయ్య పట్టినదే కదా" అంటే కుదరదు. ఈ గీత ఎక్కడుందో తెలియకే చాలామంది కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో లైసెన్స్ లేకుండా అమ్మకం మొదలుపెడుతున్నారు.

ఎఫ్ఎస్ఎస్ఏఐలో మూడు మెట్లు ఉన్నాయి. చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్, మధ్యవాళ్లకు రాష్ట్ర లైసెన్స్, పెద్దవాళ్లకు కేంద్ర లైసెన్స్. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్, అక్కడి నుంచి 20 కోట్ల దాకా రాష్ట్ర లైసెన్స్ అని పెట్టారు. ఈ అంకెలను ప్రభుత్వం సవరిస్తూ ఉంటుంది, మీరు దరఖాస్తు చేసే రోజు ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్కోస్ పోర్టల్‌లో చూసి పెట్టుకోండి. సొంత యాప్ లేదా వెబ్‌సైట్ పెట్టి అమ్మితే ఈ-కామర్స్ కిందకు వస్తారు, దానికి టర్నోవర్‌తో పని లేకుండా కేంద్ర లైసెన్స్ కావాలి. ఇంకో ముఖ్య విషయం, లైసెన్స్ మనిషికి కాదు, చోటుకు. కాకినాడలో ఒలిచి ప్యాక్ చేసే షెడ్డుకు ఒకటి, హైదరాబాద్‌లో అమ్మే చోటుకు ఇంకొకటి. హైదరాబాద్ దుకాణానికి జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్స్ కూడా. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ బిల్లు మీద అచ్చు వేయాలి.

తూకం గురించి మరిచిపోకండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఏటా వేయించుకోవాలి. ముందే ప్యాక్ చేసి అమ్మితే ప్యాకెట్ మీద నికర బరువు, తేదీ, ధర, మీ చిరునామా ఉండాలి. నికర బరువు అంటే ఐస్ లేకుండా రొయ్య బరువు, కరిగాక తూస్తే రావలసిన బరువు. జీఎస్టీ మీద మీకు పెద్ద భారం లేదు. తాజా రొయ్యకు, ఐస్‌లో పెట్టిన రొయ్యకు పన్ను లేదు. ఫ్రీజ్ చేసి ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం పడుతుంది. మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడుకోండి.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది మాత్రం తెల్లపొడి గురించి. రొయ్య చచ్చిన కొన్ని గంటల్లో తల దగ్గర నల్లబడటం మొదలవుతుంది. అది కుళ్లు కాదు గానీ చూసినవాడు కొనడు. దాన్ని ఆపడానికి బోట్లలో సోడియం మెటాబైసల్ఫైట్ పొడి వాడతారు. వాడటం నేరం కాదు, మోతాదు దాటడం నేరం. పచ్చి రొయ్య తినే భాగంలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించి సల్ఫర్ డయాక్సైడ్ ఉండకూడదు. పద్ధతి ప్రకారం 1.25 శాతం ద్రావణం కలిపి, రొయ్యను ఒక్క నిమిషం ముంచి తీసి, కడిగి ఐస్‌లో పెట్టాలి. మా బోటులో ఏం జరిగేదంటే, కలాసీ పిడికిలితో తీసి ఉప్పు చల్లినట్టు చల్లేవాడు. అతనికి ఎవరూ నేర్పలేదు. నేనూ నేర్పలేదు. ఒక ఎగుమతి కంపెనీ కొన్న మా లాట్‌లో పరీక్షకు తీసిన నమూనా పరిమితి దాటింది. 600 కిలోలు వెనక్కి వచ్చింది. అప్పటికి దాన్ని ఇంకెవరికీ అమ్మే వేళ కాదు, అమ్మకూడదు కూడా. మొత్తం పూడ్పించాను.

డబ్బు పోతే మళ్లీ వస్తుంది. ఆ పొడి తడి తగిలితే వచ్చే గాలి మూసిన ఐస్ గదిలో మనిషిని చంపేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ పొడి ఎక్కువైన రొయ్య తిన్నా ప్రమాదమే. మీ బోటు కొన్న మొదటి రోజే కలాసీలను కూర్చోబెట్టి, కొలిచే గిన్నె చేతికిచ్చి, బయట డెక్ మీద కలపమని, లోపలికి దిగి కలపవద్దని చెప్పండి. ఫార్మలిన్ మాట ఎవరైనా ఎత్తితే ఆ మనిషిని బోటు ఎక్కించుకోకండి. అది తిండిలో వాడేది కాదు, ఏ మోతాదులోనూ కాదు.

కాకినాడ నుంచి హైదరాబాద్‌కు రాత్రి ప్రయాణం. థర్మోకోల్ పెట్టెలో కింద ఐస్, మధ్యలో రొయ్య, పైన ఐస్ వేసి బస్సులో పంపేవాళ్లు ఉన్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. చలికాలంలో నడుస్తుంది, మార్చి తర్వాత నడవదు. 4 డిగ్రీలు దాటకుండా సరుకు చేరాలి. రిఫ్రిజిరేటెడ్ వ్యాన్ పెట్టుకుంటే దానికీ ఎఫ్ఎస్ఎస్ఏఐలో రవాణా కింద నమోదు కావాలి. మొదట్లో సొంత వ్యాన్ కొనకండి, లైసెన్స్ ఉన్న వాళ్ల దగ్గర అద్దెకు తీసుకోండి. ఐస్ కూడా తాగే నీటితో చేసిందే కావాలి. ఏ ఫ్యాక్టరీ ఏ నీళ్లు వాడుతుందో వెళ్లి చూడండి, ఫోన్‌లో అడిగితే అందరూ మంచినీళ్లే అంటారు.

ఎగుమతి మీద రెండు మాటలతో ఆపుతాను. 2024–25లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్లు, అందులో 43,334 కోట్లు గడ్డకట్టించిన రొయ్యదే. అంకె చూసి ఆశ పుట్టడం సహజం. కానీ మీరే ఎగుమతిదారు కావాలంటే ఐఈసీ నంబర్ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకు ఇచ్చే కోడ్), ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, సరుకు ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ ఆమోదించిన ప్లాంట్‌లోనే తయారవ్వాలి. అది మొదటి ఐదేళ్ల పని కాదు. దానికి బదులు మీ బోటును ఎంపెడాలో నమోదు చేయించండి. యూరప్ 2010 నుంచి సముద్రపు సరుకుకు క్యాచ్ సర్టిఫికెట్ అడుగుతోంది. ఏ బోటు, ఏ నీళ్లలో, ఏ తేదీల్లో పట్టిందో అందులో రాయాలి. ఆ వివరాలు ఇవ్వగల బోటు సరుకుకు ప్లాంట్ వాళ్ల దగ్గర గిరాకీ ఉంటుంది. ప్రతి ట్రిప్పుకూ ఒక చిన్న పుస్తకంలో తేదీ, చోటు, వల, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో), కిలోలు రాయడం మీ డ్రైవర్‌కు అలవాటు చేయండి. మాకు ఆ పుస్తకం లేక ఒక మంచి బేరం పోయింది.

మీరే నా తమ్ముడైతే నేను చెప్పేది ఇదీ. ఈ ఏడాది బోటు కొనవద్దు. మీ మామయ్య గారి ఫైబర్ బోటు, ఉప్పాడలో ఆయనకు తెలిసిన మరో నలుగురి బోట్లు తెచ్చే రొయ్యను రేవు ధరకు కొనండి. కాకినాడలో చిన్న షెడ్డుకు, హైదరాబాద్‌లో ఒక చోటుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ తీసుకుని ఒక సీజన్ అమ్మి చూడండి. నిషేధం రోజులు కూడా ఒకసారి దాటనివ్వండి. వారానికి ఎన్ని కిలోలు, ఏ కౌంట్ రొయ్య మీ దగ్గర కదులుతోందో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ బోటు యజమాని "ఇప్పుడు కాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తా" అంటే ఇచ్చుకోనివ్వండి. జూన్‌లో వేట మొదలయ్యే ముందు అమ్మకానికి బోట్లు ఎప్పుడూ ఉంటాయి.

అయినా ఇప్పుడే కొంటాం అంటారా, అయితే రేపు ఉదయం మీ మామయ్య గారిని వెంటబెట్టుకుని బోటు దగ్గరికి వెళ్లి, పక్కన పెయింట్ చేసిన నంబర్ ఫోటో తీసుకోండి. ఆ నంబర్‌తో మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి, ఆర్సీ ఎవరి పేరున ఉందో, లైసెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. ఆ రెండు జవాబులూ వచ్చాక ఇక్కడ మళ్లీ రాయండి, పేరు మార్పు దరఖాస్తులో ఏమేమి జత చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.